బుడ్డోడు ఆటలో అరటిపండు కాకుండా: చిన్నపిల్లలున్న ఇంటికి పార్టీ గేమ్ సరిపోతుందో లేదో చూసే తీరు

దసరా సెలవులకో సంక్రాంతికో చుట్టాలు చేరితే ఇంట్లో ఏడెనిమిది మంది పిల్లలు, ఒక టీవీ, నాలుగు కంట్రోలర్లు. హన్మకొండలోనైనా జగిత్యాలలోనైనా ఇదే లెక్క. ఇంటిల్లిపాదీ ఆడుకోవచ్చని డబ్బా మీద చూసి తెచ్చిన పార్టీ గేమ్, అంటే నలుగురూ కలిసి ఆడే వీడియో గేమ్, పావుగంట తిరక్కముందే ఇద్దరి ఆట అయిపోతుంది. పదేళ్ల అక్క, పన్నెండేళ్ల బావ పోటీ పడుతుంటారు. నాలుగేళ్ల బుడ్డోడు ఆటలో అరటిపండు. చేతిలో కంట్రోలర్ ఉంటుంది, టీవీలో వాడి బొమ్మ కూడా ఉంటుంది, కానీ వాడు ఉన్నా లేకున్నా ఫలితం మారదు.

అందుకే గేమ్ కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అందరికన్నా చిన్నవాడు నిజంగా ఆడుతున్నాడా? వాడిని ఆడించడానికి పెద్దపిల్లలు కావాలని ఓడిపోవాల్సి వస్తోందా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు వస్తేనే ఆ గేమ్ మీ ఇంటికి పనికొస్తుంది. అష్టాచెమ్మ ఈ పరీక్షలో ఎప్పుడో నెగ్గింది. గవ్వలు వేయడం నాలుగేళ్లవాడికీ వచ్చు, నాయనమ్మకూ వచ్చు. గవ్వలు ఎవరి మాటా వినవు.

రేటింగ్ ఎంతవరకు నమ్మొచ్చు

డబ్బా మీద, స్టోర్ పేజీలో వయసు గుర్తు ఉంటుంది. యూరప్ పద్ధతి పెగీలో 3, 7, 12, 16, 18 అని అంకెలు వేస్తారు. అమెరికా పద్ధతి ఈఎస్‌ఆర్‌బీలో అందరికీ సరిపోయేదానికి ‘ఈ’, పదేళ్లు దాటినవాళ్లకు ‘ఈ 10+’, టీనేజీ పిల్లలకు ‘టీ’. ఫోన్‌లో ప్లే స్టోర్ కూడా 3+, 7+ అని చూపిస్తుంది. ఇవన్నీ చూసేది హింస, బూతు మాట, భయపెట్టే బొమ్మ, జూదం లాంటివి. ఆట కష్టమా, సులువా అన్నది పెగీ లెక్కలోకే రాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ‘3’ అని ఉంటే మూడేళ్ల పిల్ల ఆడగలదని అర్థం కాదు, చూసినా ఫరవాలేదని మాత్రమే.

ఓవర్‌కుక్డ్ దీనికి మంచి ఉదాహరణ. పెగీ 3 గుర్తు ఉంది. కూరగాయలు తరగాలి, ఉడికించాలి, వడ్డించాలి, గిన్నెలు కడగాలి, అంతే. కానీ గడియారం పరిగెడుతుంటుంది, వంటగది మధ్యలో చీలి రెండు ముక్కలై జరిగిపోతుంది, గిన్నె మాడి మంట లేస్తుంది. ఆరేళ్ల పాప ప్లేటు పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడితే వెనక నుంచి అన్న అరుపులు. పెద్దవాళ్ల మధ్యే లొల్లి పెట్టే ఆట ఇది. అట్లని పనికిరాదని కాదు. 2020లో వచ్చిన ‘ఆల్ యు కెన్ ఈట్’ కూర్పులో అసిస్ట్ మోడ్ ఉంది. అది పెడితే ఒక్కో దశకు సమయం పెరుగుతుంది, రానిదాన్ని దాటేయొచ్చు. కాబట్టి ఏ గేమ్‌కైనా రేటింగ్ చూశాక సెట్టింగుల్లో ‘అసిస్ట్’, ‘ఈజీ’ లాంటి మాట ఉందా అని వెతకండి. చిన్నపిల్లల విషయంలో ఆ మాట రేటింగ్ కన్నా ఎక్కువ చెప్తుంది.

రేటింగ్ పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో రెండు మాటలు ఉంటాయి, వాటిని మాత్రం వదలొద్దు. ‘యూజర్స్ ఇంటరాక్ట్’ అంటే ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లలతో మాట్లాడే దారి ఉందని. ‘ఇన్-గేమ్ పర్చేజెస్’ అంటే కొన్నాక కూడా ఇంకా డబ్బులు అడుగుతుందని.

ట్రైలర్ చూడొద్దు, కోతల్లేని వీడియో చూడండి

ట్రైలర్ అంతా మెరుపులే. యూట్యూబ్‌లో నలుగురు ఒకే గదిలో కూర్చుని ఆడుతున్న, కత్తిరింపుల్లేని వీడియో వెతికి 20 నిమిషాలు చూడండి. మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి. ఆడేవాళ్ల నవ్వులు వింటుంటే గేమే నవ్విస్తోందని భ్రమ కలుగుతుంది. పక్కన కాగితం, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే చాలు.

గేమ్ తెరిచినప్పటి నుంచి బొమ్మను మొదటిసారి కదిపేదాకా ఎంత సమయం పట్టిందో రాసుకోండి. కథ, పరిచయాలు, వరుసగా మెనూలు ఐదు నిమిషాలు దాటితే నాలుగేళ్ల పిల్లలు అప్పటికే దివాన్ కింద దూరి వేరే ఆట మొదలుపెడతారు. తర్వాత ఒక రౌండ్ నిడివి. 30 సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపైతే చిన్నవాళ్లకు బాగా నప్పుతుంది. ఓడినా ‘మళ్లీ’ అనేలోపే ఇంకోటి వస్తుంది కాబట్టి ఏడుపు ముదరదు.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలత, ఒక ఆటగాడి వంతు అయిపోయాక మళ్లీ అతని వంతు వచ్చేదాకా ఎంతసేపు పట్టిందన్నది. ఒక నిమిషం లోపైతే మంచిది. రెండు నిమిషాలు దాటితే చిన్నపిల్లలు కంట్రోలర్ పక్కన పడేస్తారు, తమ వంతు వచ్చినప్పుడు అది ఎక్కడుందో దొరకదు. ఓడినవాళ్లను బయట కూర్చోబెట్టే గేమ్‌లలో ఈ లెక్క ఇంకా గట్టిగా వేయాలి. ఎందుకంటే మొదట అవుటయ్యేది ఎప్పుడూ చిన్నోడే, ఎక్కువసేపు ఖాళీగా కూర్చునేదీ వాడే. ఆట నేర్చుకోవాల్సినవాడికే ఆడే సమయం తక్కువ దొరుకుతుంది. పడిపోయినా రెండు మూడు సెకన్లలో తిరిగి లేచి ఆడనిచ్చే గేమ్ అయితే ఈ బాధ లేదు.

చివరగా, వీడియోను ఫోన్‌లో పెట్టి చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూడండి. నలుగురిలో ఎవరి బొమ్మ ఏదో రెండు సెకన్లలో చెప్పగలరా? మీకే కష్టమైతే పిల్లలకు అసలు దొరకదు. రంగుల తేడా ఒక్కటే గుర్తుగా ఉంటే ఇంకో చిక్కు: ఎరుపు, ఆకుపచ్చ వేరు చేయలేని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, ఉంటారు. ఆకారాలు కూడా వేరుగా ఉన్న బొమ్మలు మేలు.

బొటనవేళ్ల లెక్క

చిన్నపిల్లలకు ఎన్ని బటన్లు ఉన్నాయన్నదాని కన్నా ఒకేసారి ఎన్ని పనులు చేయాలన్నదే అసలు కష్టం. మోటుగా చెప్పాలంటే నాలుగైదేళ్లవాళ్లకు ఒక స్టిక్ (బొటనవేలితో అటూఇటూ తిప్పే చిన్న పుల్ల), ఒక బటన్. ఆరేడేళ్లవాళ్లకు ఒక స్టిక్, రెండు బటన్లు. ఎడమ బొటనవేలితో నడిపిస్తూ కుడి బొటనవేలితో కెమెరా తిప్పే గేమ్‌లు ఎనిమిదేళ్లు దాటాకే. ఇవి గీత గీసినట్టు ఉండవు, ఫోన్‌లో బాగా ఆడే పిల్ల ఏడాది ముందే అందుకోవచ్చు. కానీ వీడియోలో ఆటగాళ్లు మాటిమాటికీ కెమెరా సర్దుకుంటుంటే అది చిన్నపిల్లల గేమ్ కాదని అక్కడికక్కడే తేల్చేయొచ్చు.

చేయి కూడా చూడాలి. నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రంతో వచ్చే చిన్న కంట్రోలర్ జాయ్‌కాన్, మొదటి తరంది, ఒక్కోటి దాదాపు 50 గ్రాములు, 10 సెంటీమీటర్ల పొడవు, చిన్న అరచేతిలో ఒదుగుతుంది. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ 280 గ్రాముల చుట్టూ ఉంటుంది. నాలుగేళ్ల పిల్లలు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆడతారు, పై అంచున ఉండే వెనక బటన్లు వేళ్లకు అందవు. ఆ బటన్లు తప్పనిసరిగా వాడాల్సిన గేమ్ అయితే అక్కడే ఆగండి.

బండ్ల పందెం గేమ్ మారియో కార్ట్ 8 డీలక్స్‌లో ఈ చిక్కును చక్కగా విప్పారు. బండి ఎంచుకునే చోట ప్లస్ బటన్ నొక్కితే స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సిలరేట్ అని రెండు సదుపాయాలు వస్తాయి. రెండూ వేస్తే బండి తనంతట తాను ముందుకు పోతుంది, రోడ్డు అంచు దాటి లోయలో పడదు. నాలుగేళ్లవాడు స్టిక్‌ను అటూఇటూ తిప్పుతూ, దొరికిన వస్తువును ఒక బటన్‌తో విసురుతూ పందెం పూర్తి చేస్తాడు. పక్కన అక్క రెండూ తీసేసి సొంతంగా తోలుకుంటుంది. ఇద్దరిదీ ఒకటే పందెం. ఆటగాడికి ఒక్కో రకంగా సాయం పెట్టుకునే వీలు ఏ గేమ్‌లో ఉన్నా దానికి మార్కులు వేయండి. అందరికీ కలిపి ఒకే ‘ఈజీ’ ఉంటే పెద్దపిల్లలకు రెండు రోజుల్లో మొహం మొత్తుతుంది.

ఒకమాట. ఆన్ చేయని కంట్రోలర్ చేతిలో పెట్టి ‘నువ్వే ఆడుతున్నావు’ అని నమ్మించే ఉపాయం రెండేళ్ల పిల్ల దగ్గర పనిచేస్తుందేమో. నాలుగేళ్లవాడు పట్టేస్తాడు. పట్టేశాక వచ్చే ఏడుపు ఏ గేమూ తీర్చలేదు.

చదవాల్సింది ఎంత?

మెనూలు తెలుగులో ఉండే పార్టీ గేమ్‌లు అరుదు, ఇంగ్లీషే దిక్కు. ఒకటో తరగతి పిల్లలు ఇంగ్లీషు మాటను కూడబలుక్కుని చదివేలోపు టైమర్ అయిపోతుంది. అందుకే ఆట మొదలయ్యే ముందు నియమాన్ని బొమ్మలతో ఆడి చూపిస్తుందా, రాతలో చెప్తుందా అన్నది చూడండి. మారియో పార్టీ సూపర్‌స్టార్స్‌లో మినీగేమ్ (లోపల వచ్చే చిన్న ఆట) ముందు సాధన చేసుకునే తెర వస్తుంది. అక్షరం చదవకుండానే రెండుసార్లు ఆడి చూస్తే అర్థమవుతుంది. జాక్‌బాక్స్ పార్టీ ప్యాక్‌ల సంగతి వేరు. ఫోన్‌లే కంట్రోలర్లు కాబట్టి అదనపు ఖర్చు లేకపోయినా చాలా ఆటల్లో ఇంగ్లీషులో టైపు చేయాలి, చమత్కారం పండించాలి. కాలేజీ పిల్లలకు బాగుంటుంది, బుడ్డోళ్లకు కాదు. బాపమ్మ కూడా ఆటలో కూర్చునే ఇల్లయితే ఈ పరీక్ష ఆమెకూ వర్తిస్తుంది.

అదృష్టం ఎంత, నైపుణ్యం ఎంత

పూర్తి నైపుణ్యం మీద నడిచే గేమ్‌లో పన్నెండేళ్లవాడు వందకు వందసార్లు గెలుస్తాడు. పూర్తి అదృష్టమైతే వాడికే విసుగు. రెండూ కలిసినవే ఇంటికి నప్పుతాయి.

మారియో పార్టీ సూపర్‌స్టార్స్‌నే దగ్గరగా చూద్దాం. 2021లో వచ్చింది, 100 మినీగేమ్‌లు ఉన్నాయి. పాచిక వేసి బోర్డు మీద నడవాలి, 20 నాణేలిచ్చి నక్షత్రం కొనాలి. పాచిక అదృష్టం, మినీగేమ్ నైపుణ్యం. ఆఖర్లో బోనస్ నక్షత్రాలు పంచి లెక్క తారుమారు చేస్తుంది, కాబట్టి చివరి నిమిషం దాకా చిన్నోడికీ ఆశ ఉంటుంది. ఇంతవరకు బాగుంది. కానీ ఇందులో బూ అనే దయ్యం ఉంది. 50 నాణేలిస్తే పక్కవాళ్ల నక్షత్రాన్ని ఎత్తుకొచ్చి ఇస్తుంది. అరగంట కష్టపడి సంపాదించిన ఒక్క నక్షత్రం అన్న చేతికి పోతే ఐదేళ్ల పిల్లకు అది తొండి ఆట కిందే లెక్క. రేటింగ్‌లో ఇది ఎక్కడా కనపడదు. మీ ఇంట్లో పిల్లలు పచ్చీసులో కాయ చంపితే నవ్వుతారా, బోర్డు తిరగేస్తారా అన్నది గుర్తు తెచ్చుకోండి. తిరగేసే బాపతైతే బోర్డు జోలికి పోకుండా మినీగేమ్‌లు మాత్రమే ఆడించండి, దానికి వేరే మెనూ ఉంది.

సమయం కూడా లెక్కే. ఎంత తక్కువ పెట్టుకున్నా బోర్డు ఆట పది వంతులు. నలుగురు కూర్చుంటే గంట దాకా పడుతుంది. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజు మొత్తానికి ఒక గంటకు మించి స్క్రీన్ వద్దని మన దేశ పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ సూచన. అంటే ఒక్క బోర్డుతో ఆ రోజు కోటా అయిపోయినట్టే. ప్రతి వంతుకూ గేమ్ అప్పటిదాకా ఆడింది దాచుకుంటుంది (సేవ్) కాబట్టి ఐదు వంతులు ఇవాళ, ఐదు రేపు అని పంచుకోవచ్చు.

ఇంకో చిన్న జాగ్రత్త. ఇందులో తాడు లాగే ఆటలో స్టిక్‌ను గిరగిరా తిప్పాలి. పిల్లలు వేగం కోసం అరచేత్తో తిప్పుతారు, చర్మం గీసుకుపోతుంది. అరచేయి వాడొద్దని గేమే హెచ్చరిక చూపిస్తుంది, కానీ అది ఇంగ్లీషులో ఉంటుంది. మీరే చెప్పాలి.

‘నలుగురు ఆడొచ్చు’ అనే మాటలో మెలిక

స్టోర్ పేజీలో నలుగురు అని ఉంటే ఆ నలుగురు ఒకే టీవీ ముందా, ఎవరింట్లో వాళ్లు ఆన్‌లైన్‌లోనా అన్నది చూడాలి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో, ఒకే తెర మీద కలిసి ఆడేవాటికి ‘షేర్డ్ / స్ప్లిట్ స్క్రీన్’ అని విడిగా రాస్తారు. అది లేకుండా ‘ఆన్‌లైన్’ అని మాత్రమే ఉంటే ఒక్కొక్కరికీ ఒక్కో యంత్రం కావాలి. కంట్రోలర్ల లెక్కా ఇంతే. 2018 నాటి సూపర్ మారియో పార్టీకి మనిషికో జాయ్‌కాన్ తప్పనిసరి, ప్రో కంట్రోలర్ పనిచేయదు. స్విచ్‌తో వచ్చేది ఒక జత, అంటే ఇద్దరికే. మిగతా ఇద్దరి కోసం ఇంకో జత కొనాల్సిందే. ఆ ఖర్చు కూడా గేమ్ ధరలో కలిపి చూడండి.

అరగంట పరీక్ష

స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకున్నా, స్టీమ్‌లో కొన్నా, తేల్చుకోవడానికి అరగంట చాలు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా ఉంటే డబ్బులు వెనక్కి ఇస్తారు. ఆ రెండు గంటలను మీరొక్కరే కూర్చుని ఖర్చు చేయొద్దు, పిల్లల కోసం ఉంచండి.

మొదటి ఐదు నిమిషాలు చిన్నవాడికి కంట్రోలర్ ఇచ్చి ఏమీ చెప్పకండి. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో వాడే కనుక్కోనివ్వండి. తర్వాత నియమం ఒక్క వాక్యంలో చెప్పండి. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతున్నారంటే గేమ్‌దే లోపం. ఆ తర్వాత వరుసగా మూడు రౌండ్లు అందరూ ఆడాలి, పెద్దపిల్లలు తగ్గి ఆడకూడదని ముందే చెప్పాలి. మీరు టీవీని కాదు, చిన్నవాడి మొహాన్ని, వేళ్లను చూడండి. ‘నేనెక్కడున్నా?’ అని మూడో రౌండ్‌లో కూడా అడిగితే బొమ్మ దొరకడం లేదు. బటన్ వెతుక్కుంటూ మాటిమాటికీ చేతివైపు చూస్తుంటే పనులు ఎక్కువయ్యాయి. మూడింట్లోనూ ఆఖరి స్థానమే వచ్చినా మళ్లీ ఆడదామంటున్నాడంటే ఆ గేమ్ నిలబడుతుంది. ఒకసారి రెండో స్థానం వచ్చి కూడా కంట్రోలర్ పక్కన పెట్టేశాడంటే నిలబడదు. గెలవడం కన్నా తన చేతిలో ఏదో జరుగుతోందన్న సంగతే ఆ వయసుకు రుచి.

నాలుగు కంట్రోలర్లకు ఎనిమిది మంది పిల్లలుంటే ‘ఓడినోళ్లు లేవాలి’ అనే నియమం అస్సలు పెట్టొద్దు. చిన్నోళ్లు లేస్తూనే ఉంటారు. ఎవరు గెలిచినా ఓడినా రెండు రౌండ్లకోసారి నలుగురూ మారాలి. జట్లుగా ఆడే వీలుంటే అందరికన్నా పెద్దవాడిని అందరికన్నా చిన్నవాడితో కలపండి. అన్నకు చిన్నోడితో పని పడుతుంది, అరవడం మానేసి నేర్పడం మొదలుపెడతాడు.

ఫోన్‌లో ఆడేవైతే

లూడో కింగ్ లాంటివి ఒక్క ఫోన్‌ను చేతులు మారుస్తూ ఆడుకోవచ్చు. పాచిక ఆట కాబట్టి చిన్నవాళ్లకు న్యాయంగానే ఉంటుంది. చిక్కంతా ప్రకటనలతో. పిల్లల వేలు ముందు పోయేది మెరిసే బొమ్మ మీదికే. నెట్ లేకుండా నడిచే ఆటైతే డేటా, వైఫై రెండూ ఆపి ఆడించండి. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి, ఫోన్ పిన్ పిల్లలకు తెలిసిపోయిందేమో కూడా చూసుకోండి. డబ్బులు పెట్టి ఆడే లూడో, రమ్మీ యాప్‌లు వేరే రకం, అవి ఆటల కిందికి రావు. తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది. అలాంటి యాప్ ఉన్న ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకండి.

హాలు, కరెంటు, సకినాల చేతులు

చేయి ఊపి ఆడే గేమ్‌లు, జస్ట్ డాన్స్ లాంటివి, బటన్ల బాధ లేకుండా చిన్నపిల్లలకు చప్పున వచ్చేస్తాయి. కాకపోతే చోటు కావాలి. చేతులు చాపితే పక్కవాళ్లకు తగలనంత, అంటే మనిషికీ మనిషికీ కనీసం మీటరు. చిన్న హాలులో ఒకేసారి ఇద్దరిని మించి నిలబెట్టకండి. మంచం మీదో దివాన్ మీదో ఎక్కి ఎగిరితే పైన తిరిగే ఫ్యాను గుర్తుంచుకోండి. జాయ్‌కాన్ పట్టీ మణికట్టుకు బిగించనిదే ఆట మొదలుపెట్టొద్దు. చేతిలోంచి జారేది ఎప్పుడూ టీవీ వైపే ఎగురుతుంది. పాటలు కూడా ఒకసారి ముందే వినండి, మాటలు పిల్లలకు తగనివి ఉంటాయి.

టీవీలో ‘గేమ్ మోడ్’ వేయండి. లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ కదలదు. పెద్దవాళ్లు దానికి సర్దుకుంటారు, చిన్నవాళ్లు ‘ఇది పనిచేయట్లేదు’ అని కంట్రోలర్‌ను నేలకేసి కొడతారు. తప్పు గేమ్‌ది కాదని తెలియక దాన్ని పక్కన పడేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఎండాకాలం కరెంటు పోకడల సంగతి తెలిసిందే. స్విచ్‌కు సొంత బ్యాటరీ ఉంది, టీవీ ఆగినా ఆట పోదు. మిగతా కన్సోళ్లు ఇన్వర్టర్ మీదికి మారే క్షణంలో ఆగిపోవచ్చు. ఇన్వర్టర్ వెనక ‘యూపీఎస్ మోడ్’ మీట ఉంటే అటు తిప్పండి. గేమ్ ఎంత తరచుగా దాచుకుంటుందో చూసుకోవడం కూడా అందుకే. గంటసేపు ఆడింది ఒక్క దెబ్బకు పోతే ఆ పూట ఇల్లంతా ఆగమాగం.

సంక్రాంతికి సకినాల పళ్లెం పక్కనే పెట్టుకుని ఆడతారు. నూనె చేతులతో స్టిక్ జారుతుంది, పిండి పలుకులు స్టిక్ చుట్టూ ఉన్న సందులోకి పోతాయి. కొన్నాళ్లకు ఎవరూ తాకకపోయినా బొమ్మ తనంతట తాను ఒక పక్కకు నడుస్తుంటే ఆ స్టిక్ పాడవుతోందని అర్థం. పరీక్షలో చిన్నోడు మాటిమాటికీ ఒకే వైపు పోతుంటే గేమ్‌ను తప్పుపట్టే ముందు కంట్రోలర్లు మార్చి చూడండి. అక్క చేతికి వెళ్లినా అది అదే వైపు పోతే, లోపం గేమ్‌దీ కాదు, బుడ్డోడిదీ కాదు.